"పిల్లలు నిలబడటం లేదు" అంటున్న ఫ్యాక్టరీ యాజమాన్యాలకు బహిరంగ లేఖ

శ్రీసిటీ, తడ, మాంబట్టు, నాయుడుపేట, మేనకూరు వైపు ఫ్యాక్టరీలు నడుపుతున్న యాజమాన్యాలకు, ప్లాంట్ హెడ్‌లకు, హెచ్‌ఆర్ అధికారులకు నమస్కారం.

ఈ మధ్య ఏ జాబ్ మేళాలో చూసినా, ఏ రివ్యూ మీటింగ్‌లో కూర్చున్నా మీ నోట ఒకటే మాట. కొత్తగా చేరిన పిల్లలు పనిలో నిలబడటం లేదు. బస్సులు పెట్టి తెచ్చుకుంటే నెల తిరక్కుండా వెళ్లిపోతున్నారు. సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లు తిరిగొస్తారో రారో తెలియదు. పక్క కంపెనీ ఐదొందలు ఎక్కువిస్తానంటే అటు పోతారు. ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు.

నేను ఈ ప్రాంతంలోనే ఆపరేటర్‌గా చేరాను, తర్వాత లైన్ లీడర్‌గా చేశాను, కంపెనీలు మారాను. ఇప్పుడు కొత్తగా చేరేవాళ్లకు ట్రైనింగ్ ఇస్తున్నాను. మొదటిరోజు వాళ్లు గేటు దగ్గర ఎంత భయంగా, ఎంత ఆశగా నిలబడతారో చూస్తాను. మానేసినవాళ్లు సూళ్లూరుపేట బస్టాండులోనో, శ్రీకాళహస్తి సంతలోనో కనిపిస్తే ఎందుకు మానేశారో అడుగుతాను. మీ దగ్గరున్న ఎగ్జిట్ ఫారంలో "సొంత కారణాలు" అని ఉంటుంది. నాతో చెప్పేది వేరే ఉంటుంది. ఆ వేరే సంగతి మీదాకా రావాలనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఓపిక లేదన్న మాట ముందు పక్కన పెట్టండి. సత్యవేడు దాటి లోపలున్న ఊళ్ల నుంచి ఉదయం షిఫ్ట్‌కి రావాలంటే తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి. అన్నం వండి, క్యారియర్ కట్టుకుని, చీకట్లో మెయిన్ రోడ్డు దాకా నడిచి కంపెనీ బస్సు ఎక్కాలి. వచ్చాక షిఫ్ట్ అంతా ఒకే చోట నిలబడి, ఒకే పని, కొన్ని సెకన్లకోసారి. ఇంటికెళ్లాక మళ్లీ వంట, గిన్నెలు. ఇంటర్ చదివి, ఇంట్లో అప్పు తీరాలని ఇంత చేస్తున్న పిల్లకు ఓపిక లేదనడం అన్యాయం.

మానేసేవాళ్లలో చాలామంది మొదటి నెలలోనే మానేస్తారు. ఇది మీ రిజిస్టర్లలోనూ కనిపిస్తుంది, చూడండి. ఆ నెలలో వాళ్లు ఎండీ గారిని చూడరు, మిమ్మల్ని చూడరు. ఇండక్షన్‌లో వేసిన వీడియో మూడో రోజుకి మర్చిపోతారు. ఆ నెలంతా వాళ్లకు కంపెనీ అంటే లైన్ లీడర్ ఒక్కరే. ఆ మనిషి ఎలా పిలుస్తాడు, తప్పు జరిగితే ఏమంటాడు, ఒంట్లో బాగాలేదంటే ఎలా చూస్తాడు అన్నదాని మీదే ఉండాలా పోవాలా అన్నది తేలిపోతుంది.

ఒక సంగతి చెబుతాను. కంపెనీ పేరు అవసరం లేదు, ఇది ఏ ఒక్క కంపెనీకో పరిమితం కాదు కూడా. వరదయ్యపాళెం వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయిని సర్క్యూట్ బోర్డు మీద చిన్న కనెక్టర్ నొక్కి కూర్చోబెట్టే స్టేషన్‌లో వేశారు. చేరి వారమైంది. డౌట్ వస్తే పసుపు బటన్ నొక్కాలని, నొక్కితే పైన లైటు వెలుగుతుందని, లీడర్ వచ్చి చూస్తాడని ట్రైనింగ్‌లో చెప్పాం. గోడ మీద పెద్ద పోస్టర్ కూడా ఉంది. వరసగా మూడు బోర్డుల్లో కనెక్టర్ సరిగ్గా కూర్చోవడం లేదు. ఆ అమ్మాయి బటన్ నొక్కింది. లైటు వెలిగింది. లీడర్ పరిగెత్తుకొచ్చాడు. "ఏం పాపా, ఇప్పుడే నొక్కాలా? గంటకు ఎన్ని పోవాలో టార్గెట్ బోర్డు మీద కనిపించట్లా? చేత్తో గట్టిగా నొక్కితే కూర్చోదా?" అని అందరూ వినేలా అరిచాడు. లైనంతా తలెత్తి చూసింది. ఆ అమ్మాయి ఇంకో మాట మాట్లాడలేదు, గట్టిగా నొక్కుతూ పోయింది.

సాయంత్రానికి టెస్టింగ్‌లో బోర్డులు ఫెయిల్ అవడం మొదలైంది. చూస్తే ఆ లాట్ కనెక్టర్లలోనే పిన్ వంగి ఉంది. రాత్రి షిఫ్ట్ అంతా రీవర్క్, అంటే చేసినవాటినే మళ్లీ సరిచేయడం. వారం రోజుల పిల్ల కనిపెట్టింది నిజం, అనుభవమున్నవాళ్లు వినలేదు. మర్నాడైనా "నువ్వు చెప్పింది కరెక్టేనమ్మా" అన్నవాళ్లు లేరు. జీతం పడేదాకా వచ్చింది, ఆ తర్వాత రాలేదు. రిజిస్టర్‌లో "అబ్‌స్కాండ్" అని రాశారు. పారిపోయిందని రాశారన్నమాట, నిజం చెప్పిన పిల్ల గురించి.

ఆ లీడర్‌ని కూడా నేను తప్పుపట్టి వదిలేయను. అతను గంట గంటకీ టార్గెట్ బోర్డు మీద అంకె రాయాలి. అంకె తగ్గితే షిఫ్ట్ ఇన్‌చార్జి అతన్ని అవే మాటలంటాడు, ఇన్‌చార్జిని ప్రొడక్షన్ మేనేజర్ అంటాడు. పై నుంచి కిందికి ఆ మాట అలా దిగుతూ వస్తుంది, ఆఖరికి దాన్ని పక్కవాళ్లకు ఇవ్వలేని కొత్త పిల్ల దగ్గర ఆగుతుంది. చేయి వేగంగా ఉందని అతన్ని లీడర్ చేశారు. మనుషులతో ఎలా మాట్లాడాలో ఒక్క పూట కూడా కూర్చోబెట్టి చెప్పలేదు. మెషిన్ ఆపరేట్ చేయడానికి సర్టిఫికెట్ అడుగుతారు, అరవై మందిని నడపడానికి ఏమీ అడగరు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు.

మీలో చాలామంది టొయోటా పద్ధతులు చదువుకుని వచ్చినవాళ్లే. ఫైవ్ ఎస్ (పనిచేసే చోటు సర్దిపెట్టుకోవడం), కైజెన్ (రోజూ కొంచెం మెరుగుపరచడం) బోర్డులు లేని ప్లాంట్ మన దగ్గర ఉండదు. అందుకే మీకు తెలిసిన ఉదాహరణే గుర్తు చేస్తాను. అమెరికాలో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో జనరల్ మోటార్స్ ప్లాంట్ ఉండేది. గైర్హాజరు 20 శాతం దాకా ఉండేదని, కంపెనీలోకెల్లా మొండి కార్మికులు అక్కడే ఉన్నారని పేరు. 1982లో మూసేశారు. 1984లో టొయోటాతో కలిసి నమ్మీ (NUMMI) అనే పేరుతో అదే ప్లాంట్‌ని తెరిచారు. తీసుకున్నవాళ్లలో చాలా ఎక్కువమంది ఆ పాత కార్మికులే, యూనియన్ కూడా అదే. వందల మందిని జపాన్ పంపి, లైన్ పక్కన నిలబెట్టి నేర్పించారు. ఏ కార్మికుడైనా అనుమానం వస్తే తాడు లాగవచ్చు, లాగితే లీడర్ వచ్చి ముందు సాయం చేయాలి, అవసరమైతే లైన్ ఆగాలి. కొద్దికాలంలోనే గైర్హాజరు 2, 3 శాతానికి దిగింది, జనరల్ మోటార్స్ కార్లలో నాణ్యమైనవాటిగా అక్కడివాటికి పేరొచ్చింది. పాత మనుషులే, పాత ఊరే. మారింది వాళ్లను చూసే తీరు.

మనం ఆ తాడు తెచ్చుకున్నాం, లైటు తెచ్చుకున్నాం. లాగినవాడి దగ్గరికి లీడర్ ఏ ముఖంతో వస్తాడన్నది తెచ్చుకోలేదు.

ఇంకోటి రాయడానికి నాకే ఇబ్బందిగా ఉంది, కానీ రాయకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. బాత్రూమ్ సంగతి. చాలా లైన్లలో ఒక కార్డు వేలాడుతుంటుంది. ఎవరు వెళ్లాలన్నా ఆ కార్డు మెడలో వేసుకుని వెళ్లాలి, తిరిగొచ్చి తగిలిస్తేనే ఇంకొకరు వెళ్లాలి. లైన్‌లో ఆడపిల్లలే యాభై, అరవై మంది, కార్డులు ఒకటో రెండో. స్టేషన్‌లో బదులు నిలబడే రిలీవర్ సెలవు పెడితే అదీ లేదు. అందుకని నీళ్లు తాగడం మానేస్తారు. ఎండాకాలంలో మన దగ్గర ఎండలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి ఈఎస్‌ఐ డిస్పెన్సరీలో కూర్చున్న పిల్లల్ని నేను చూశాను. నెలసరి రోజుల్లో ఆ కార్డు కోసం మగ లీడర్ ముందు చేయెత్తి నిలబడాలంటే ఏ అమ్మాయికైనా ఎంత కష్టంగా ఉంటుంది? వాళ్లలో ఒక్కరూ ఎగ్జిట్ ఫారంలో ఈ మాట రాయరు. "ఇంట్లో పనుంది" అని రాసి వెళ్లిపోతారు. ఇరవై మందికి ఒక రిలీవర్‌ని పెట్టడానికి అయ్యే ఖర్చు ఎంతో మీరు లెక్కవేసుకోగలరు. మానేసిన ప్రతి మనిషి స్థానంలో కొత్తవాళ్లను తెచ్చి, మెడికల్ చేయించి, యూనిఫాం ఇచ్చి, చేయి తిరిగేదాకా పనికిరాకుండా పోయే సరుకు (రిజెక్షన్) భరించడానికి అయ్యే ఖర్చు కూడా పక్కన పెట్టి చూడండి.

జీతం విషయం చిన్నదని నేను అనను. ఐదొందల కోసం పోతారని మీరు చెప్పేది కొంత నిజం. వాళ్ల ఇంట్లో ఐదొందలంటే గ్యాస్ సిలిండర్‌కి సగానికి పైగా. కానీ ఆ ఐదొందలు ఎందుకు అంత పెద్దగా కనిపిస్తున్నాయో ఆలోచించండి. నాలుగేళ్లుగా చేస్తున్న ఆపరేటర్‌కీ నిన్న చేరిన ట్రైనీకీ జీతంలో తేడా కొన్ని వందలే ఉన్న చోట, ఉండిపోయినందుకు దొరికేదేమిటి? కొత్తవాళ్లు దొరకడం లేదని మీరు జాయినింగ్ జీతం పెంచినప్పుడల్లా పాతవాళ్ల జీతం అక్కడే ఉండిపోతుంది. ఆ కొత్తవాళ్లకు పని నేర్పేది మాత్రం పాతవాళ్లే. అలా నేర్పుతూ "మీకెంత పడుతుందక్కా?" అని ట్రైనీ అడిగితే జవాబు చెప్పలేక తలదించుకున్న సీనియర్లను నేనెరుగుదును.

అటెండెన్స్ బోనస్ కూడా మీరు అనుకున్నట్టు పనిచేయడం లేదు. నెలలో ఒక్కరోజు పోతే మొత్తం పోతుంది. ఐదో తారీఖున బిడ్డకు జ్వరమొచ్చి ఒకరోజు ఆగిపోయిన తల్లికి ఆ నెల బోనస్ అప్పుడే పోయింది. ఇరవయ్యో తారీఖున ఇంట్లో ఏదైనా పని పడితే ఇక ఆమె ఆగడానికి కారణమేముంది? ఎలాగూ పోయింది కదా అనుకుంటుంది. ఇటు చూస్తే, బోనస్ పోతుందని ఒళ్లు కాలిపోతున్నా వచ్చి సోల్డరింగ్ దగ్గర నిలబడే పిల్లలుంటారు. అదే బోనస్‌ని వారాలవారీగా విడగొట్టి, తప్పిన వారానిదే కోయండి. మీ జేబు నుంచి అదనంగా పోయేది తక్కువ, గైర్హాజరు తగ్గేది ఎక్కువ.

ఇక కాంట్రాక్టర్. గేటు మీద మీ పేరు, పే స్లిప్ మీద ఆయన పేరు. కొన్నిచోట్ల ఏడాది నిండకముందే కాగితాల్లో మానిపించి, ఇంకో కాంట్రాక్టర్ కింద మళ్లీ చేర్చుకుంటారు. మనిషి అదే స్టేషన్‌లో నిలబడి ఉంటుంది, సర్వీసు మాత్రం మళ్లీ మొదటి నుంచి. పాత కాంట్రాక్టర్ పీఎఫ్‌లో మానేసిన తేదీ ఎక్కించడు. దాంతో ఆ డబ్బు ఆగిపోతుంది. చివరి నెల పీఎఫ్ జమ అయిన రెండు నెలల తర్వాత ఆ తేదీని సభ్యులే ఆన్‌లైన్‌లో వేసుకునే వీలుంది, కానీ ఈ మాట ఎవరూ చెప్పరు కాబట్టి పిల్లలు నెట్ సెంటర్ల చుట్టూ తిరిగి డబ్బు పోగొట్టుకుంటారు. ఒకటి గమనించండి. మనిషికింత అని కమీషన్ తీసుకునే ఏజెంటుకి మనుషులు నిలబడితే నష్టం, మారుతూ ఉంటే లాభం. నిలబెట్టే పనిని ఆయన చేతిలో పెట్టి, నిలబడటం లేదని మీరు పిల్లల్ని అంటున్నారు.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌ల ప్రకారం ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి, నిర్ణీత కాలానికి తీసుకున్నవాళ్లకు ఏడాది పనిచేస్తే గ్రాట్యుటీ (మానేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే డబ్బు) రావాలి. ఇన్నాళ్లూ అది ఐదేళ్లు. దీన్నెలా తప్పించుకోవాలా అని కాగితాలు వెతికే కంపెనీలు కొన్ని ఉంటాయి. దయచేసి అందులో చేరకండి. ఇన్నాళ్లు ఉంటే ఇంత వస్తుందని ఆ అమ్మాయి చేతిలో తెలుగులో రాసిన కాగితం పెడితే, అదే ఆమెను ఆపుతుంది.

ఈ బాధ కొత్తదేం కాదు. డెట్రాయిట్ దగ్గర హైలాండ్ పార్క్‌లో ఫోర్డ్ కంపెనీ కదిలే అసెంబ్లీ లైన్ మొదలుపెట్టిన 1913లో మనుషులు మారడం 370 శాతానికి చేరింది. దాదాపు 14 వేల మంది ఉండాల్సిన చోట ఏడాదిలో 52 వేల మందికి పైగా చేర్చుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో ఫోర్డ్ రోజు కూలిని రెట్టింపు చేసి 5 డాలర్లు చేశాడు, పని 9 గంటల నుంచి 8కి తగ్గించాడు. ఆ ఏడాది మారేవాళ్లు 54 శాతానికి, 1915లో 16 శాతానికి పడిపోయారు. ఆ కథలో నాకు నచ్చని భాగమూ ఉంది. ఆ కూలికి అర్హులో కాదో చూడటానికి ఇన్‌స్పెక్టర్లను కార్మికుల ఇళ్లకు పంపి, ఎలా బతుకుతున్నారో ఆరా తీయించాడు. మన హాస్టళ్లలో కొందరు వార్డెన్లు ఫోన్లో ఎవరితో మాట్లాడుతున్నారని పిల్లల్ని నిలదీయడం చూస్తే నాకదే గుర్తొస్తుంది. ఆ భాగం వదిలేసి, పని గంటలు తగ్గించిన భాగం తీసుకోండి. మన దగ్గర గంటలు పెరిగే వైపే ఉన్నాయి. రోజు పని పరిమితిని 9 నుంచి 10 గంటలకు, మూడు నెలల ఓటీ (అదనపు గంటల పని) పరిమితిని 75 నుంచి 144 గంటలకు పెంచాలని 2025 జూన్‌లో రాష్ట్ర మంత్రివర్గం నిర్ణయించింది. ప్రభుత్వం వీలు ఇచ్చింది కదా అని వాడుకోవాలని లేదు. పదో గంటలో చేతులు ఎలా వణుకుతాయో మీ రిజెక్షన్ షీటులో గంటల వారీగా చూస్తే తెలుస్తుంది.

"పెళ్లయితే ఎలాగూ మానేస్తారు" అనే మాట నేను ఎన్నోసార్లు విన్నాను. మానేసేది పెళ్లికి కాదు, బిడ్డ పుట్టాక చూసేవాళ్లు లేక. 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే గది, ఉండాలని కొత్త కోడ్‌లు రాకముందు 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే చెప్పింది. నేను చూసిన ఒక ప్లాంట్‌లో క్రెష్ ఉంది. తాళం వేసి ఉంటుంది. లోపల ఊయల, బొమ్మలు ఇంకా ప్లాస్టిక్ కవర్లలోనే ఉన్నాయి, ఆడిట్‌కి వచ్చినప్పుడు తెరుస్తారు. బిడ్డకు ఏడాది నిండిన తర్వాత తిరిగొస్తామని నాకు ఫోన్ చేసిన పాత ఆపరేటర్లు ఎంతమందో. చేయి తిరిగినవాళ్లు, నేర్పాల్సిన పనిలేనివాళ్లు. వాళ్లను వదిలేసి బస్సులు ఇంకా దూరం పంపి పద్దెనిమిదేళ్ల పిల్లలను వెతుకుతున్నారు. ఆ తాళం తీయండి, ఊళ్లోనే నమ్మకమైన ఇద్దరు ఆయాలను పెట్టండి.

ఫ్యాక్టరీ పేలుళ్లలో 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మంది, 2025 జూన్ 30న పాశమైలారంలో 40 మందికి పైగా చనిపోయాక ఇళ్లలో అడిగే ప్రశ్నలు కూడా మారాయి. జీతమెంత అని మాత్రమే అడిగే తల్లిదండ్రులు ఇప్పుడు లోపల ఏం తయారుచేస్తారు, మంటలొస్తే ఎటు పోవాలి అని నన్ను అడుగుతున్నారు. వాళ్లను ఒకరోజు లోపలికి పిలిచి చూపించండి. బిడ్డ నిలబడే చోటు కళ్లారా చూసిన తల్లి ఆమెను మానమని తొందరపడదు.

పిల్లలు నోరు తెరవడం లేదంటే అంతా బాగుందని అనుకోకండి. 2020 డిసెంబర్‌లో కోలారు జిల్లా నరసాపుర ఫోన్ల ఫ్యాక్టరీలో జీతాల గొడవ విధ్వంసంగా మారిన రోజు దాకా అక్కడా అంతా బాగానే ఉందనుకున్నారు. ఏడాది తిరగ్గానే మన పొరుగున శ్రీపెరంబుదూరులో హాస్టల్ తిండి తిని ఆస్పత్రి పాలైన అమ్మాయిల తోటివాళ్లు హైవే మీద కూర్చున్నారు, ప్లాంట్ కొన్ని వారాలు మూతపడింది. రెండు చోట్లా ఫోన్లు కొనే ఆపిల్ కంపెనీయే ఆ ఫ్యాక్టరీలను ప్రొబేషన్‌లో, అంటే సరిదిద్దుకునేదాకా పరిశీలనలో, పెట్టింది. ఆ రెండు చోట్లా అడిగింది పెద్దవేమీ కాదు. చేసిన పనికి సరైన జీతం, తినగలిగే అన్నం.

నేను అడిగేది సంక్రాంతి లోపల మొదలుపెట్టగలిగిన పనే. ముందు మానేసినవాళ్ల లెక్కను ప్లాంట్ మొత్తానికి కాకుండా లైన్ వారీగా, మొదటి నెల విడిగా తీయండి. ఒకే జీతం, ఒకే బస్సు, ఒకే క్యాంటీన్ ఉన్న రెండు పక్కపక్క లైన్లలో ఒకచోట ఎందుకు నిలబడుతున్నారో, ఇంకోచోట ఎందుకు పోతున్నారో మీకే కనిపిస్తుంది. ఎక్కడ నిలబడుతున్నారో ఆ లీడర్‌ని పిలిచి, మిగతావాళ్లకు నేర్పే పని అతనికో ఆమెకో అప్పగించండి, దానికి జీతం పెంచండి. లీడర్ల మార్కుల్లో గంట అంకెతో పాటు మనుషులు నిలబడటాన్ని కూడా కలపండి. పసుపు బటన్ నొక్కినవాళ్లను ఎవరైనా అరిస్తే ఆ మాట మీదాకా వచ్చే దారి ఒకటి పెట్టండి.

ఆ తర్వాత గత మూడు నెలల్లో మానేసినవాళ్ల లిస్టు తీసుకుని ఫోన్ చేయించండి. చేసేది వాళ్ల లీడర్ కాకూడదు, కాంట్రాక్టర్ మనిషి అసలే కాకూడదు. వాళ్ల యాసలో మాట్లాడే, వాళ్లు అక్కా అని పిలవగలిగే ఒక మనిషితో చేయించండి. "ఎందుకు మానేశావమ్మా, రావాల్సిన డబ్బు ఏమైనా ఆగిందా?" అని అడగనివ్వండి. ఆగిన డబ్బు ఉంటే ముందు అది ఇప్పించండి. లిస్టు మీ దగ్గరే ఉంది, నంబర్లూ మీ దగ్గరే ఉన్నాయి. ఫోన్ చేసే మనిషి దొరకకపోతే నన్ను పిలవండి, షిఫ్ట్ అయ్యాక కూర్చుని నేను చేస్తాను.

ఇట్లు,
తిరుపతి జిల్లాలో పనిచేస్తున్న ఒక ట్రైనింగ్ ఇన్‌చార్జి